తన్నని తుపాకీ

"ఈ దేశానికి చిన్న తూటా పట్టిన దరిద్రం నేటితో వదిలింది" అని క్రీడల మంత్రిగారు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు.

ప్రకటించి ఊరుకోలేదు. జేబులోంచి పాయింట్ ట్వంటీటూ తూటా ఒకటి తీసి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని కెమెరాల ముందు పైకెత్తారు. తూటా కనబడలేదు. మంత్రిగారు ఏదో ముద్ర పట్టి ఆశీర్వదిస్తున్నారనుకుని వెనక వరుసలో ఒక విలేఖరి తల వంచాడు కూడా.

"చూశారా? చీమ తలకాయంత ఉంది. పిస్టల్ పోటీల్లో మన పిల్లలు దీన్ని పట్టుకుని ప్రపంచం ముందు నిలబడుతున్నారు. మన ఆత్మగౌరవం సైజు ఇంతేనా అని అడుగుతున్నాను."

ఆత్మగౌరవానికి సైజు ఉంటుందని అంతవరకూ ఏ నాయకుడికీ తట్టలేదు. తట్టినాయన మంత్రి అయ్యారు, తట్టనివాళ్ళు ఎదురుగా కూర్చుని రాసుకున్నారు. కాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు అనీ, అది ఎంత ఉంటే దేశానికి శోభగా ఉంటుందో తేల్చడానికి ఉన్నతస్థాయి కమిటీ వేస్తున్నామనీ, అది తేలేదాకా తూటాల కొనుగోళ్ళన్నీ ఆపేస్తున్నామనీ చెప్పి మంత్రిగారు లేచారు. సమావేశంలో బిస్కెట్లు కరకరలాడుతూ బాగున్నాయని అన్ని పార్టీల పత్రికలూ ఒప్పుకున్నాయి.

ఆ వార్త టీవీలో చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. అతను పిస్టల్ జట్టు కోచ్. వయసు పైబడ్డవాడు, పనిమంతుడు, ఏ వ్యసనమూ లేనివాడు. ఒక్క జబ్బు మాత్రం ఉంది. అడిగినా అడక్కపోయినా ఉన్నమాట చెప్పేస్తాడు. ఈ జబ్బువల్ల అతనికి రావలసిన ప్రమోషన్లు అతని కింద పనిచేసినవాళ్ళకి వచ్చాయి. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ జట్టులో అందరికంటే బాగా కాల్చేది అతని కోడలు. కోడలు సిటీ బస్సులో కండక్టరు. కొడుకు అదే బస్సుకి డ్రైవరు. మొగుడు సడన్ బ్రేకు వేస్తే బస్సులో అందరూ ఒకరిమీద ఒకరు పడేవారు గానీ, ఆవిడ ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటూనే ఉండేది. ఒకరోజు మామగారికి క్యారేజీ ఇవ్వడానికి కాల్పులు నేర్పే రేంజికి వచ్చి, సరదాకి పిస్టల్ పట్టుకుంది. ఆ చెయ్యి చూసి కోచ్ అన్నం తినడం మరిచిపోయాడు.

కిందటిసారి ప్రపంచ పోటీల ఎంపికలో ఆవిడకి ఒక్క మార్కులో తప్పిపోయింది. ఈసారి ఎంపిక నెల తిరక్కుండా ఉంది. మళ్ళీ సెలవు అడిగితే ఉద్యోగమే వదులుకోవాలని డిపో మేనేజరు ముందే చెప్పేశాడు. అంటే ఆవిడకి ఇదే ఆఖరి అవకాశం. ప్రాక్టీసుకి రేంజిలో మిగిలినవి అరపెట్టె తూటాలు. కొత్తవి కొనకూడదు. అందుకని కోచ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంత్రిగారి దగ్గరికి బయల్దేరాడు.

మంత్రిగారు ఎంత సౌమ్యులంటే, పొద్దున వెళ్ళినవాణ్ణి ఆ సాయంత్రమే లోపలికి పిలిచారు. పి.ఎ. పక్కనే నిలబడ్డాడు. కోచ్ తనకి తెలిసిందంతా చెప్పాడు. చిన్న తూటా అయితే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నదనీ, తన్నకపోతే చెయ్యి వెంటనే మళ్ళీ గురిలోకి వస్తుందనీ, ఆడవాళ్ళ పోటీలో రూలు ప్రకారం వాడాల్సింది కూడా ట్వంటీటూనే అనీ, పెద్దది పట్టుకెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారనీ చెప్పాడు. మంత్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అయితే పెద్ద తూటావల్ల లాభమే లేదంటారు. ఒక్కటి కూడా లేదా?"

ఇంకొకడైతే లేదండీ అని దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. మనవాడికి జబ్బు తిరగబెట్టింది.

"ఒక్కటుందండీ. గురి కాగితం మీద గుండ్రంగా గీతలుంటాయి. లోపలి చక్రానికి పది, దాని బయటిదానికి తొమ్మిది, అలా మార్కులు. చిల్లు అంచు గీతకి తగిలితే చాలు, లోపలి చక్రం మార్కే ఇస్తారు. తూటా లావైతే చిల్లు పెద్దది కదండీ, ఎప్పుడైనా గీతకి తగలొచ్చు."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. నిలబడే ఉన్న పి.ఎ. ఏం చెయ్యాలో తోచక ముందు కూర్చుని, తర్వాత లేచాడు.

"అంటే తూటా ఎంత లావైతే మార్కులు అంత ఎక్కువ."

"అంత కాదండీ. వెంట్రుకవాసి."

"మీ కోడలు కిందటిసారి ఎంతలో పోయింది?"

"ఒక్క మార్కులోనండీ."

"మరి? ఆ వెంట్రుకే కదయ్యా ఇన్నాళ్ళూ ఈ దేశం పీక కోసింది" అన్నారు మంత్రిగారు. ఇంత సాంకేతిక విషయాన్ని ఇంత తొందరగా పట్టుకున్న మంత్రి మరో దేశంలో ఉంటాడని ఎవరూ అనలేరు. కోచ్ కూడా అనలేకపోయాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే కోడలు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ గీత సంగతి ఎందుకు చెప్పారు మామయ్యా?"

"నిజమే కదమ్మా."

"నిజమైతే మాత్రం మంత్రికి చెప్తారా?"

ఆవిడ గిన్నె బోర్లించి డ్యూటీకి వెళ్ళిపోయింది. అరపెట్టె తూటాలూ ఆ వారంలోనే అయిపోయాయి.

కాలిబర్ కమిటీకి అధ్యక్షులుగా మంత్రిగారి బావమరిదిని వేశారు. ఇది బంధుప్రీతి అని గిట్టనివాళ్ళు అన్నారు. ఆయనకి నీటి పైపుల ఫ్యాక్టరీ ఉందన్న సంగతి వాళ్ళు దాచిపెట్టారు. గొట్టాల వెడల్పు గురించి ఆయనకి తెలిసినంత దేశంలో ఇంకెవరికీ తెలియదు. ఎవరైనా కాలిబర్ అని మొదలెడితే చాలు, లోపలిదా బయటిదా అని అడిగేవారు. మిగతా సభ్యుల్లో ఒకాయన ఎన్నికల్లో ఓడిపోయినవాడు. ఇంకొకాయన గెలిచినా పదవి దొరకనివాడు. కోచ్‌ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు, అంటే కుర్చీ ఉంటుంది గానీ మాట ఉండదు.

చర్చ చాలా లోతుగా సాగింది. థర్టీటూ అయితే ఎలా ఉంటుందని ఓడిపోయినాయన అడిగాడు. థర్టీఎయిట్ ఇంకా మర్యాదగా ఉంటుందని పదవి లేనాయన అన్నాడు. అంకెలు పెరుగుతున్న కొద్దీ ఇద్దరికీ ఉత్సాహం పెరిగింది. చివరికి అధ్యక్షులవారు ఫ్యాక్టరీ నుంచి తెప్పించిన పైపుముక్కలు బల్లమీద పేర్పించి, ఒక్కొక్కదాంట్లో చిటికెనవేలు పెట్టి చూసుకుని, వేలు దిగినదాన్ని పక్కన పెట్టారు. అది రమారమి ఫార్టీఫైవ్ అయింది. అదే జాతీయ కాలిబర్ అని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మాట లేని కోచ్ ఉండబట్టలేక లేచాడు. "ప్రపంచ పోటీల రూళ్ళలో ఫార్టీఫైవ్ లేదండీ."

"రూళ్ళు వాళ్ళవి. వేలు మనది" అన్నారు అధ్యక్షులు. ఈ వాక్యాన్ని నివేదిక మొదటి పేజీలో అచ్చు వేయించారు.

జాతీయ కాలిబర్‌ని మంత్రిగారే స్వహస్తాలతో పేల్చి ప్రారంభించాలని ముహూర్తం పెట్టారు. రేంజి గోడలకి సున్నం వేశారు. ఫార్టీఫైవ్ పిస్టల్ ఒకటి వెల్వెట్ గుడ్డమీద వచ్చింది. దానితోబాటు మంత్రిగారి భద్రతాధికారి వచ్చాడు. మంత్రిగారు ఉన్న ఆవరణలో బయటివాళ్ళ తూటా ఒక్కటి కూడా ఉండకూడదన్నది నిబంధన.

"మరి ఆయన ఎలా పేలుస్తారండీ?" అన్నాడు కోచ్.

"పేల్చవద్దని నేను అనలేదు. తూటా ఉండకూడదన్నాను" అన్నాడు భద్రతాధికారి. ఆవరణంతా వెతికి, తూటా లేదని రాసి సంతకం పెట్టాడు.

కోచ్ చేతులెత్తేశాడు గానీ బావమరిది కార్యదక్షుడు. ఫ్యాక్టరీ నుంచి రేకులకి చిల్లులు పెట్టే మనిషిని పిలిపించి, గురి కాగితం మీద సరిగ్గా పది మార్కుల చోట చక్కగా ఒక చిల్లు పెట్టించి, దాన్ని ముందే దూరంగా తగిలించారు. గోడవెనక ఇద్దరు మనుషులు ఇనపరేకు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. మంత్రిగారికి ఈ చిన్న చిన్న విషయాలు చెప్పి ఆయన ఏకాగ్రత చెడగొట్టకూడదని అందరూ అనుకున్నారు.

మంత్రిగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక కాలు ముందుకు వేసి, ఒక కన్ను మూసి మీట నొక్కారు. గోడవెనక ఇనపరేకు నేలమీద పడింది. విలేఖరులు చెవులు మూసుకున్నారు. మంత్రిగారు పిస్టల్ని తిప్పి తిప్పి చూసి, కోచ్ వైపు తిరిగారు.

"తంతుందన్నావు. ఏదయ్యా, అసలు కదల్లేదే."

"తూటా లేదు సార్ అందులో" అన్నాడు కోచ్.

పి.ఎ. కోచ్ కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. మంత్రిగారు కోపం తెచ్చుకోలేదు. కాగితం తెప్పించి, ఆ చిల్లులోంచి కోచ్‌ని చూస్తూ నవ్వారు.

"అయితే ఇదెక్కడిది?"

విలేఖరులందరూ నవ్వారు. కోచ్ ఆ చిల్లులో కనబడుతున్న మంత్రిగారి కన్నుని చూస్తూ నోరు తెరిచేలోగా పి.ఎ. రెండో కాలు కూడా తొక్కాడు. మంత్రిగారికి హుషారు వచ్చి కాగితం మళ్ళీ తగిలించమని చెప్పి ఇంకో నాలుగుసార్లు పేల్చారు. చివరిసారి మీట నొక్కకముందే రేకు పడిపోయింది. కాగితం తెచ్చి చూస్తే చిల్లు ఒక్కటే ఉంది. అంటే అయిదు తూటాలూ ఒకే చిల్లులోంచి వెళ్ళాయన్నమాట. ప్రపంచంలో ఇలాంటిది ఇంతవరకూ జరగలేదని మర్నాడు పత్రికలు రాశాయి. అందులో అబద్ధం లేదు. చివరి తూటా అయితే మంత్రిగారు తలుచుకోగానే వెళ్ళిపోయిందని ఒక పత్రిక ప్రత్యేకంగా రాసింది.

ఇంతటితో ఆగితే అది మామూలు ప్రభుత్వం అయ్యేది. ఆర్థికశాఖలో ఒక చురుకైన అధికారి ఉన్నాడు. ఆయన ముందుకి భద్రతాధికారి సంతకం పెట్టిన కాగితమూ, మంత్రిగారి అయిదు పదుల కాగితమూ ఒకే ఫైల్లో వచ్చాయి. ఆవరణలో తూటా లేదన్నది ఒక శాఖ మాట. అయిదుసార్లూ పది వచ్చిందన్నది ఇంకో శాఖ మాట. ప్రభుత్వశాఖలు అబద్ధమాడవు గనక రెండూ నిజాలే. రెండూ నిజాలైతే పదికి తూటా అవసరం లేదని తేలుతుంది. కొనుగోళ్ళు శాశ్వతంగా రద్దు చేస్తూ ఆయన ఉత్తర్వు వేశాడు. ఆ అధికారికి ఆ ఏడాది ఉత్తమ సేవా పురస్కారం ఇచ్చారు.

ఎంపిక పోటీ కొత్త పద్ధతిలోనే జరిగింది. షూటర్లందరూ వరసగా నిలబడ్డారు. కోడలు కొత్తగా కుట్టించుకున్న జట్టు చొక్కా వేసుకొచ్చింది. చెయ్యి చాచి, శ్వాస బిగబట్టి, తూటా ఉన్నట్టే జాగ్రత్తగా మీట నొక్కింది. టిక్కుమంది. వరస పొడుగునా టిక్కు టిక్కుమన్నాయి. ఎవరి కాగితానికి ఎక్కడ చిల్లు పెట్టాలో కాలిబర్ కమిటీ నిర్ణయిస్తుంది. పని ఆలస్యం కాకూడదని ఆ చిల్లులు ముందురోజే పెట్టేశారు.

పోటీ మధ్యలో ఒకతను బాత్రూముకి వెళ్ళి తిరిగొచ్చేసరికి అతనికి రెండోస్థానం వచ్చింది. మొదటిస్థానం బావమరిదిగారి అబ్బాయిది. అతను ఫ్యాక్టరీలో పైపుల లోడు ఎక్కిస్తూ ఉండి పోటీకి రాలేకపోయినా, కాగితం వచ్చింది. ఆడవాళ్ళకి వేరే పోటీ ఎందుకని అందరినీ కలిపేశారు. కోడలి కాగితానికి చిల్లు చక్రాలన్నిటికీ బయట, తెల్లటి మూలలో పడింది. కోచ్ కోడలు గనక బంధుప్రీతి అన్న మాట రాకూడదని కమిటీ జాగ్రత్త పడింది.

ఆ కాగితం చూసి కోచ్, ఏడిస్తే కోడలు చూస్తుందని గోడవైపు తిరిగాడు. ఇంతలో బహుమతులివ్వడానికి వచ్చిన మంత్రిగారు కోడలి దగ్గర ఆగారు. ఆయనది వెన్నలాంటి మనసు, ఎవరి మొహం చిన్నబోయినా చూడలేరు.

"ఏమ్మా, మార్కులు తగ్గాయా? దానికేం, చిల్లు మార్పిస్తాను. ఎంత కావాలి?"

కోడలు ఆయన్ని చూసింది. గొంతు పెంచలేదు. బస్సులో టికెట్ అడిగినట్టే అడిగింది.

"మార్కులొద్దు సార్. ఒక తూటా ఇప్పించండి. ఒక్కటి చాలు."

అంతే. మంత్రిగారి ఎదుట తూటా అన్న మాట వినగానే భద్రతాధికారి ఆవిడమీద పడ్డాడు. అతని వెనక ఇంకో నలుగురు పడ్డారు. మంత్రిగారిని ఎత్తుకెళ్ళి కారులో పెట్టారు. ప్రాణాలకి తెగించి మంత్రిగారు కారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. కోడల్ని వ్యాన్లో పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

కోచ్ వెళ్ళేసరికి కోడలు బల్లమీద కూర్చుని ఉంది. కొత్త చొక్కా చెయ్యి చిరిగింది. మోచెయ్యి గీసుకుపోయింది. ఎదురుగా ఇన్‌స్పెక్టర్. మంచివాడే, కానీ పైనుంచి ఫోన్లు వచ్చాయి. కోచ్‌ని కూర్చోబెట్టి విషయం వివరంగా చెప్పాడు.

"చూడండి, మంత్రిగారి దగ్గర తూటా అడగడం నేరమా కాదా అన్నది గురినిబట్టి ఉంటుంది. గురి ఉన్నవాళ్ళు అడిగితే హత్యాయత్నం. గురి లేనివాళ్ళు అడిగితే వేళాకోళం. మొదటిదైతే ఏళ్ళు పడతాయి. రెండోదైతే ఇప్పుడే ఇంటికి తీసుకుపోవచ్చు. మీరు అబద్ధమాడరని ఊరంతా అంటుంది. మీరేం చెప్తే అదే రాసుకుంటాను. మీ కోడలికి గురి ఉందా?"

కోచ్ కోడలి వైపు చూశాడు. కోడలు కూడా అతన్నే చూస్తోంది. అతని నోట్లోంచి ఏం వస్తుందో ఆవిడకి తెలుసు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ ఇంట్లో చూస్తున్నది అదే. ఆవిడ తల దించుకుని, చిరిగిన చొక్కా చెయ్యి సర్దుకుంది.

"గురా?" అన్నాడు కోచ్. "దీనికి గురేమిటండీ. ఎదురుగా ఏనుగుని నిలబెట్టినా తగల్చలేదు."

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. "మరి జట్టులో ఎందుకు పెట్టుకున్నారు?"

"కోడలు కదండీ. ఇంట్లో పోరు పడలేక పెట్టుకున్నాను."

"కిందటిసారి ఒక్క మార్కులో పోయిందని ఫోన్లో అన్నారే."

"నేనే వేయించానండీ ఆ మార్కులు" అన్నాడు కోచ్. ఎక్కడా తడబడలేదు. ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకుని, సంతకం పెట్టించుకుని, ఇద్దరికీ టీ తెప్పించాడు. టీ ఇద్దరూ తాగలేదు.

మామాకోడళ్ళు వీధి చివరిదాకా నడిచారు. బస్టాపు దగ్గర కోడలే మొదలుపెట్టింది.

"నేను అంత ఘోరంగా కాలుస్తానా మామయ్యా?"

"నీలా కాల్చేవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు తల్లీ."

"ఆ మాట లోపల అని ఉంటే ఎంత బాగుండేది."

"అని ఉంటే నువ్వు బయటికి వచ్చేదానివి కావు."

కోడలు బస్సు వస్తే ముందు ఆయన్ని ఎక్కించి, వెనక తను ఎక్కింది.

కోచ్ ఇచ్చిన వాంగ్మూలం మంత్రిగారి దాకా వెళ్ళింది. మంత్రిగారు చదివి చలించిపోయారు. వెంటనే విలేఖరుల్ని పిలిచి, దేశంలో మొట్టమొదటి నిజాయితీ పతకాన్ని ఆ కోచ్‌కి ఇస్తున్నామనీ, ప్రపంచ పోటీలకి బావమరిదిగారి అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళే బాధ్యత కూడా అంతటి మనిషికే అప్పగిస్తున్నామనీ ప్రకటించారు. సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు స్వయంగా పతకం మెడలో వేసి, కోచ్ భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు.

"సొంత కోడలికి గురి లేదని పోలీసుల ముందు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. తప్పుడు మార్కులు వేశానని కూడా ఒప్పుకున్నాడు. ఇలాంటి ఒక్క మనిషి ఉన్నంతకాలం మన ఎంపికల్ని ఎవడూ వేలెత్తి చూపలేడు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. కోడలు ఆ వేళ డ్యూటీలో ఉంది. రెండు మాటలు చెప్పమని కోచ్‌ని మైకు దగ్గరికి తోశారు. ఎప్పుడూ అడక్కుండానే మాట్లాడే మనిషికి ఆరోజు నోరు పెగల్లేదు. కండువాతో కళ్ళు తుడుచుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు పత్రికలన్నీ ఆ ఫొటో మొదటి పేజీలో వేసి, కింద ఆనందబాష్పాలు అని రాశాయి.